మొలక పరీక్ష

బాలరాట్‌లో జూలై. బయట కార్ల అద్దాల మీద మంచు పేరుకుంది.
సర్వర్ గదిలో ఏడాదంతా ఒకటే ఋతువు,
పద్దెనిమిది డిగ్రీలు, ఎదురుగాలి.
రాత్రి రెండుంబావుకి
స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని
పాథాలజీ ఫోల్డర్ ముందు కూర్చున్నాను.

మూడొందల ముప్పై నాలుగు రాత్రులు.
రాత్రికో పచ్చ టిక్కు.
జాబ్ పూర్తయింది, లోపాలు సున్నా.
రోజూ పొద్దున్నే ఆ వరస చూసి
నిశ్చింతగా టీ కలుపుకున్న మనిషిని నేనే.

సాయంత్రం కొలీన్ ట్రెగెంజా ఫోన్ చేసింది.
"హై, నా స్లైడ్ల బొమ్మలు కనపడ్డం లేదు.
పోయినేడు మార్చివి."
హైమవతి అన్న పేరు ఈ ఆసుపత్రిలో
మొదటి అక్షరం దాటి ముందుకు రాలేదు.
పలకరింపూ పిలుపూ ఒకటే.
"బ్యాకప్ ఉందిగా" అన్నాను.
ఎంత తేలిగ్గా అన్నానో తల్చుకుంటే
ఈ చలిలోనూ చెవులు వేడెక్కుతున్నాయి.

తెరిచాను. ఫోల్డర్ ఉంది.
పేరుంది, తేదీ ఉంది, అనుమతులు సక్రమంగా ఉన్నాయి.
లోపల ఏమీ లేదు.

పోయిన ఆగస్టులో ఎవరో డేటాని కొత్త స్టోరేజీకి మార్చారు.
ఎవరో ఏమిటి, మార్పు పత్రం మీద సంతకం నాదే.
బ్యాకప్‌కి మాత్రం ఆ కబురు అందలేదు.
అది పాపం రోజూ పాత చిరునామాకే వెళ్లి
ఖాళీ ఇంటిని
ఖాళీగానే, ఎక్కడా చెదరకుండా
నకలు తీసుకొచ్చింది.
అబద్ధమాడలేదు.
లోపాలు సున్నా. ఫైళ్లూ సున్నా.
ఆ రెండో సున్నా ఉన్న గడి కుడి అంచున ఉంది,
పక్కకి జరిపితే తప్ప కనపడదు.

మరి అసలువి ఏమయ్యాయి?
గాదె కింద పందికొక్కు కోసం లాగ్ అంతా వెతికాను.
వైరస్ లేదు. దొంగ లేడు.
ఏడాది దాటినవి చెరిపేయమని ఒక నియమం ఉంది,
చోటు చాలదని, ప్లానింగ్ మీటింగులో
మెచ్చుకోళ్ల మధ్య నేను పెట్టిందే.

చోడవరంలో విత్తనాల కొట్టు అప్పలకొండ
ప్రతి లోడులోంచీ వంద గింజలు లెక్కపెట్టి
తడి గోనెలో చుట్టేవాడు.
నాలుగోరోజు విప్పి మొలకలు లెక్కపెట్టేదాకా
బస్తా అమ్మేవాడు కాదు.
"సంచి మీద బొమ్మ మొలకెత్తదమ్మా" అనేవాడు.
నేను ఏడాదిపాటు
సంచి మీద బొమ్మ చూస్తూ కూర్చున్నాను.

మూడున్నరకి గుర్తొచ్చింది, మెర్వ్ పాస్కో.
పోయినేడు జూలై ఆఖర్న రిటైరయ్యాడు.
ఈ కాలంలో టేపులేమిటని
మేమంతా నవ్వుకున్న మనిషి.
నేలమాళిగలో ఇనప బీరువా, మూడో అర.
అతని చివరి టేపు మీద నీలి సిరా:
"తిరిగి చదివి చూశాను. బాగుంది. ఎం.పి."

టేపు మింగి, రోబో చేయి ఆగింది.
కాసేపు గర్ర్‌మంది.
తర్వాత ఒక్కొక్క ఫైలూ,
ఊదా, గులాబి రంగు కణాలు,
ఎవరి కాలేయమో, ఎవరి రొమ్ములోని గడ్డో,
తెరమీదికి రావడం మొదలైంది.

నాలుగువేల నూట పన్నెండులో
తొమ్మిది రాలేదు.
ఆ తొమ్మిదీ ఎవరివో చూడ్డానికి ధైర్యం చాల్లేదు,
నంబర్లు మాత్రం కాగితం మీద రాసుకున్నాను.

ఏడింటికి కొలీన్ వచ్చింది, మఫ్లర్ విప్పకుండానే
కాగితం అందుకుంది.
"గాజు పలకలు నా సొరుగులోనే ఉన్నాయి హై,
మళ్లీ స్కాన్ చేస్తా."
తిట్టలేదు. తిడితే బావుండేది.

శుక్రవారాలకి కొత్త పని రాసిపెట్టాను:
చేతికందిన ఒక ఫైలు, వెనక్కి తెచ్చి, తెరిచి, కళ్లతో చూడాలి.
మేనేజర్ అడిగాడు, దీనికి ఎన్ని గంటలవుతుందని.
చెప్పాను.
ఎక్కువన్నాడు.
తొమ్మిది నంబర్ల కాగితం అతని ముందు పెట్టి
టీ కలుపుకోడానికి వెళ్లాను.